ఏడో గది గోడ

ఫిబ్రవరి 9

ఇవాళ కూడా వచ్చాడు.

ఫిబ్రవరి 10

నిన్న ఆ ఒక్క మాట రాసి పుస్తకం మూసేశాను. ఇంకేం రాయాలో తోచలేదు. ఇది పాత సంవత్సరం డైరీ. మందుల కంపెనీవాళ్ళు గుర్రాల డాక్టరమ్మకు ఇస్తే ఆవిడ నాకు ఇచ్చింది. అచ్చు వేసిన వారాల పేర్లు కొట్టేసుకుంటూ రాయాలి.

రాసి పెట్టుకోకపోతే రేపు నాకే అనుమానం వస్తుంది. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మధ్యాహ్నం రెండు గంటలకు లాయంలో మెలకువగా ఉండేవాళ్ళు తక్కువ. పొద్దుటి పరుగులు, గుర్రాల కడుగుళ్ళు, పదకొండింటి దాణా అయిపోయాక, మళ్ళీ నాలుగున్నర దాణా దాకా ఎక్కడివాళ్ళక్కడ నడుం వాలుస్తారు. నేను దాణా గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంటాను. నా వెనక చెక్క గోడ, గోడకు అవతల ఏడో గది. కొలత డబ్బా తీసుకుని రేకు పీపా మీద మూడుసార్లు కొడతాను. పదకొండేళ్ళు మా ఇద్దరికీ అదే భోజనాల గంట. ఏడో గది గుర్రాన్ని చూసుకునే సైసు మా అన్న. ఆ మూడు దెబ్బలు వినగానే చుట్టూ తిరిగి వచ్చి నా ఎదురుగా బస్తా మీద కూర్చునేవాడు. వదిన ఇద్దరికీ కలిపి కట్టిన క్యారియర్ విప్పుకునేవాళ్ళం.

అన్న పోయి మూడు నెలలు. నేను ఇప్పటికీ కొడుతున్నాను. కొట్టిన నిమిషంలోపే అవతల గడ్డిపరుపు మీద అడుగు పడుతుంది. తర్వాత చెక్కల సందులోంచి ఊపిరి. పొడుగ్గా, వెచ్చగా, సరిగ్గా నా భుజం దగ్గర. నేను ఏమీ మాట్లాడను. మాట్లాడితే వెళ్ళిపోతాడేమోనని భయం. అన్న వాటా మూతలో పెట్టి, నా వాటా నా ముందు పెట్టుకుని, రెండూ చల్లారేదాకా కూర్చుంటాను.

అవతల ఉన్నది గుర్రం కాదా అంటే, గుర్రం ఊపిరి నాకు తెలియనిదా. రోజంతా వాటి మధ్యే తిరిగేవాణ్ణి. ఇది అది కాదు.

పిచ్చనుకుంటే అనుకోనీ. దీన్ని చదివేదెవరు?

ఫిబ్రవరి 12

మహాతల్లి దాణా వదిలేస్తోంది. ఏడో గది ఆడగుర్రానికి అన్న పెట్టిన పేరది. పందెం కాగితాల్లో ఏదో బారెడు పేరు ఉంటుంది కానీ దాన్ని ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. మూడేళ్ళుగా ఆ గదిలోనే ఉంది. ఇప్పుడు ఓట్స్ రెండు ముద్దలు తిని తల తిప్పేసుకుంటోంది. ఒంటి మెరుపు పోయింది. జీను పట్టీ బిగిస్తుంటే వెనక్కి తిరిగి కరవబోయిందట. పరుగులో చివరి మలుపు దగ్గర జారిపోతోందట.

ట్రైనర్ గారు ముందు నా దగ్గరికే వచ్చారు. దాణాలో ఏమైనా మార్చావా అని అడిగారు. లాయంలో ఇరవై రెండు గుర్రాలుంటే ఇరవై ఒకటి తొట్టెలు నాకి పెడుతున్నాయి, తప్పు మాత్రం నా కొలతదే. ఏమీ మార్చలేదని చెప్పాను. నిజానికి నవంబరు నుంచి గడ్డి కాస్త మిగులుతోంది కూడా. పోయినేడాది గడ్డిమేటు ఇట్టే తరిగిపోతుంటే ఎలుకలు తవ్వి పాడు చేస్తున్నాయని రోజూ తిట్టేవాణ్ణి. ఈ ఏడు వాటి పీడ విరగడైనట్టుంది.

అన్న స్థానంలో వచ్చిన కొత్త సైసు పక్కన నిలబడి ఏదో గొణిగాడు. అతనికి లాయంలో పేరే గొణుగుడు. నాకంటే పదేళ్ళు పెద్ద, మంచి పనివాడే, కానీ పెదవులు విడదీస్తే సొమ్ము పోయినట్టు మాట్లాడతాడు. నన్ను తమ్ముడూ అంటాడు. ఆ పిలుపు వద్దని చెప్పాను.

ఫిబ్రవరి 14

డాక్టరమ్మ గొట్టం వేసింది. నిన్న సాయంత్రం నుంచి మేత ఆపి మూతికి చిక్కం కట్టారు. మత్తు సూది పడగానే మహాతల్లి తల మోకాళ్ళ దాకా వేలాడేసింది. ముక్కులోంచి మూడు మీటర్ల నల్ల గొట్టం, దాని చివర చిన్న దీపం. పక్కన పెట్టిన తెర మీద లోపలంతా కనబడింది.

గుర్రం కడుపు రెండు రంగుల్లో ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. కింది సగం ఎర్రగా, తడిగా, జిగురు పూసినట్టు ఉంది. పై సగం పాలిపోయి ఉత్త చర్మంలా ఉంది. రెంటి మధ్య గీత వెంబడే పుళ్ళు. పసుపు అంచులు, కొన్ని ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఒకచోట నుంచి రక్తం సన్నగా కారుతోంది. మొత్తం నాలుగు మెట్లయితే ఇది మూడో మెట్టు అంది.

ట్రైనర్ గారికి ఆవిడ ఓపికగా చెప్పింది. గుర్రం కడుపులో యాసిడ్ ఊరడం ఆగదట, తిన్నా తినకపోయినా. గడ్డి నములుతున్నంతసేపూ ఉమ్మి దిగి దాన్ని చల్లబరుస్తుంది. కడుపు ఖాళీగా నిలబెట్టినా, ఖాళీ కడుపుతో పరిగెత్తించినా, ఆ యాసిడ్ ఎగిరి పై సగం మీద పడుతుంది. అక్కడ జిగురు పొర లేదు. పందెపు గుర్రాల్లో ఈ బాధ లేనిదాన్ని వెతుక్కోవాలట.

"ఇవి నొప్పని చెప్పుకోవు," అంది గొట్టం చుట్టుకుంటూ. "తినడం తగ్గిస్తాయి, అంతే. చివరిదాకా నిలబడే ఉంటాయి."

నేను ఆరిపోయిన తెర వైపే చూస్తూ ఉండిపోయాను. మా అన్నకు ఎవరూ గొట్టం వేయలేదు.

ఫిబ్రవరి 15

ఏడో గది తలుపు మీద కాగితం అంటించింది డాక్టరమ్మ. తెల్లవారగానే పరగడుపున నాలుక మీద పేస్టు మందు, అరగంట తర్వాత గడ్డి. పరుగుకు తీసుకెళ్ళే ముందు తప్పకుండా రెండు గుప్పెళ్ళ ఎండుగడ్డి. ఓట్స్ సగానికి తగ్గించి, ఉన్నదాన్నే నాలుగుసార్లుగా. తోడుకు ఒక మేక. అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో: గుర్రం ముందు గడ్డి ఎప్పుడూ ఉండాలి. ఇరవై ఎనిమిది రోజుల తర్వాత మళ్ళీ గొట్టం.

పగలు గదిలో వేలాడే వలలో గడ్డి ఉంటోందా అని నన్నే అడిగింది. ఉంటుందండీ అన్నాను. పదకొండింటికి వేసే వల సాయంత్రం దాకా వచ్చేలా నా చేత్తో తూచి కడతాను. మూడేళ్ళుగా అదే గుర్రం, అదే వల, అదే తూకం. అప్పుడు లేని పుండు ఇప్పుడు నా గడ్డివల్ల వస్తుందా? గొణుగుడు మళ్ళీ ఏదో అన్నాడు. "వల పన్నెండున్నరకే..." అన్నట్టు వినబడింది. పట్టించుకోలేదు.

నాకు కూడా రొమ్ము కింద మంటగా ఉంటోంది ఈ మధ్య. సోడా తాగితే తగ్గుతుంది.

ఫిబ్రవరి 20

వచ్చాడు. ఇవాళ గోడను గీకాడు కూడా.

ఫిబ్రవరి 24

మేకను కట్టారు. నల్లది, గడ్డం మాత్రం తెలుపు, మా ట్రైనర్ గారిలాగే ఉందని సైసులందరూ నవ్వుకున్నారు. మహాతల్లి దాన్ని వాసన చూసి ఊరుకుంది. మంచిదే. కానీ రెండింటికి నేను పీపా మీద కొట్టగానే మేక అరుపు. ఆగకుండా అరిచింది. తర్వాత గొణుగుడు చెప్పాడు, అది తలుపు వైపుకు పరిగెత్తి, తాడు మెడకు బిగుసుకుపోతున్నా గోడ పక్కకు రానంటే రానని నిలబడిందట.

ఫిబ్రవరి 27

గొణుగుడు ఇవాళ నాలుగు మాటలు వరసగా మాట్లాడాడు, అదే వింత. మధ్యాహ్నం నిద్ర పట్టక ఏడో గది ముందు కూర్చున్నాడట. రెండు కాగానే మహాతల్లి చెవులు నిక్కబొడుచుకుని గోడ దగ్గరకు వెళ్ళి, చెక్కకు మూతి ఆనించి నిలబడిపోతుందట. చెమట పడుతుందట. పళ్ళు నూరుతుందట. అక్కడ ఎవరో ఉన్నట్టే చూస్తుందట.

"మీ అన్న అక్కడే కదా పడిపోయింది," అన్నాడు.

అవునన్నాను. నా ఒళ్ళు జలదరించింది, కానీ నిజం చెప్పాలంటే భయంతో కాదు, సంతోషంతో. నాకు ఒక్కడికే అనిపిస్తున్నది కాదన్నమాట. దానికీ కనబడుతున్నాడు. అది మూడేళ్ళు అన్న చేతుల్లో పెరిగిన గుర్రం, దానికి కాక ఇంకెవరికి కనబడతాడు?

మార్చి 3

అన్న పోయిన రోజు కూడా రెండింటికే పిలిచాను. రాలేదు. పనిలో ఉన్నాడు.

మార్చి 8

మూడు కొట్టాను. కాసేపు ఊపిరి. తర్వాత అవతల నేల మీద నుంచి తిరిగి మూడు దెబ్బలు. నింపాదిగా, ఒకదాని తర్వాత ఒకటి.

నేను మళ్ళీ కొట్టాను. మళ్ళీ మూడు.

మార్చి 14

రెండోసారి గొట్టం వేశారు. తగ్గలేదు. ఒక పుండు పెద్దదైంది కూడా. డాక్టరమ్మ ముఖం మాడిపోయింది. ఇరవై ఎనిమిది రోజులు ఒక్క రోజు తప్పకుండా పేస్టు వేశాక ఇలా ఉండకూడదు, దీన్ని రోజూ ఏదో తినేస్తోంది అంది. మందు మార్చలేదు, ఇంకో పూత మందు కలిపింది.

ట్రైనర్ గారు సుత్తి లేకుండా చెప్పేశారు. ఇంకో నాలుగు వారాలు. ఏప్రిల్ గొట్టంలో కూడా ఇలాగే ఉంటే మహాతల్లిని దళారీ బండి ఎక్కించేస్తారు. దళారీ బండి ఎక్కిన గుర్రం ఎక్కడికి పోతుందో లాయంలో ఎవరూ ఎవర్నీ అడగరు.

అన్న మిగిల్చిపోయింది అదొక్కటే. అది పోతే ఏడో గదిలోకి ఇంకో గుర్రం వస్తుంది, అన్న మళ్ళీ రెండింటికి వస్తాడా రాడా? ఈ ఆలోచనకు నాకే సిగ్గేసింది. జబ్బు చేసింది గుర్రానికి, నేను ఆలోచిస్తున్నది నా గురించి.

మార్చి 17

గుర్రం ఎప్పుడు ఏం చేస్తోందో రెండు వారాల పాటు గంట గంటకూ రాసి చూపించమని డాక్టరమ్మ గొణుగుడికి కాగితం ఇచ్చింది. అతను మాటల్లోనే పిసినారి, రాతలో కాదు. మూడు రోజులది నాకు చూపించాడు. పన్నెండున్నర, వల ఖాళీ. ఒంటిగంట, నిలబడి కునుకు. రెండు, గోడ దగ్గరకు. రెండుంపావు, పళ్ళు నూరడం, చెమట. మూడు, అటూ ఇటూ ఊగడం. మూడున్నర, కాలితో నేల తవ్వడం. నాలుగున్నర, దాణా, సగం వదిలేసింది. మూడు రోజులూ అదే.

చూశావా, రెండు గంటలకే వస్తాడు కదా అనుకున్నాను. కాగితం తిరిగి ఇచ్చేశాను.

మార్చి 19

ఇవాళ పనికి వెళ్ళలేదు. వదినకు కళ్ళ పరీక్ష ఉంటే తీసుకెళ్ళాను. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ బస్సులో ఆవిడ కిటికీ వైపే చూసింది. ఇప్పటికీ రోజూ ఇద్దరి భోజనం కడుతోంది. ఎందుకని నేను అడగను, ఎవరు తింటున్నారని ఆవిడ అడగదు.

మార్చి 20

నిన్న మధ్యాహ్నం మహాతల్లి పడుకుందట. కాళ్ళు చాపి, మేక దాని పొట్టకు ఆనుకుని, నాలుగింటి దాకా నిద్రపోయిందట. నవంబరు తర్వాత ఇదే మొదటిసారి అని గొణుగుడు సంబరపడిపోతూ చెప్పాడు.

నేను లేను కాబట్టి అన్న రాలేదన్నమాట. నాకోసమే వస్తున్నాడు.

ఇవాళ కొట్టాను. వచ్చాడు. చాలాసేపు ఉన్నాడు.

మార్చి 22

మార్చి 3న రాసింది అబద్ధం. పని కాదు.

ఆ రోజు పొద్దున మాకు మాట పెరిగింది. అన్నకు రెండు నెలలుగా కడుపులో మంట. తెల్లవారుజామున వచ్చి మధ్యాహ్నం రెండింటి దాకా టీ నీళ్ళే. గ్యాస్ అనేవాడు, మాత్రలు నమిలేవాడు. ఆ వారం విరేచనం నల్లగా తారులా అవుతోందని నాతో చెప్పాడు. శనివారం మహాతల్లి పందెం అయ్యాక ఆసుపత్రికి వెళ్తాను, అప్పటిదాకా మీ వదినకు చెప్పకు అన్నాడు. చెప్తానన్నాను. నీకెందుకురా నా కడుపు సంగతి అన్నాడు. అయితే చావు అన్నాను. అన్నదమ్ములు రోజుకు పదిసార్లు అనుకునే మాటే.

రెండింటికి మూడుసార్లు కొట్టాను. గోడ అవతల ఊపిరి వినబడింది. వస్తాడని చూశాను. రాలేదు. మళ్ళీ కొట్టాను. ఊపిరి ఉంది, మనిషి రాలేదు. అలిగాడనుకున్నాను. ఆ ఉక్రోషంలో అన్న వాటా కూడా నేనే తినేశాను.

నాలుగున్నరకు దాణా తీసుకెళితే గోడ వారగా గడ్డిలో పడి ఉన్నాడు. మహాతల్లి కాళ్ళు ఎడంగా పెట్టి, తొక్కకుండా, అన్న మీదుగా నిలబడి ఉంది. లోపల పుండు పగిలి రక్తమంతా కడుపులోకే పోయిందన్నారు.

ఆ ఊపిరి అన్నదే అయితే, అప్పటికింకా బతికే ఉన్నాడు.

మార్చి 25

వదినకు చెప్పేశాను, అన్న రోజూ రెండింటికి వస్తున్నాడని. నవ్వుతుందనో ఏడుస్తుందనో అనుకున్నాను. గిన్నె కడుగుతున్నదల్లా చేతులు తుడుచుకుని, రేపు నన్ను తీసుకెళ్ళు అంది.

మార్చి 26

జరిగినదంతా ఒక్క ముక్క వదలకుండా రాయాలి.

రెండింటికి ఐదు నిమిషాలుండగా వదినను దాణా గదిలో అన్న కూర్చునే బస్తా మీద కూర్చోబెట్టాను. గదంతా ఓసారి చూసింది. పీపాలు, తూకం, గోడకు తగిలించిన వలలు. కొలత డబ్బా తను తీసుకుంది. ఎన్నిసార్లు అంది. మూడు అన్నాను. కొట్టింది.

అడుగు పడింది. ఊపిరి వచ్చింది. వదిన జరిగి చెవి చెక్కకు ఆనించింది. కళ్ళు మూసుకుని చాలాసేపు వింది. అవునంటే ఏం చేయాలి, కాదంటే ఏం చేయాలి, రెండూ తెలియవు నాకు.

"ఈ ఊపిరి ఆయనది కాదు," అంది. "పద్దెనిమిదేళ్ళు పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలీదా. ఇది ఎవరో ఆకలితో ఉన్నవాళ్ళది."

నాకు కోపం వచ్చింది. లేచి చుట్టూ తిరిగి ఏడో గదికి నడిచాను, వదిన నా వెనకే వచ్చింది. ఇన్ని రోజుల్లో రెండింటికి నేను ఆ వైపు నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే అన్న ఉండడేమోనన్న భయంతోనే చూడలేదని ఇవాళ అర్థమైంది.

మహాతల్లి గోడకు మూతి ఆనించి నిలబడి ఉంది. నా భుజం ఉండే ఎత్తులోనే చెక్క తడిసి, నాకి నాకి నున్నగా అద్దంలా అయిపోయింది. దాని పైన గోడకు ఒక ఇనుప కొక్కెం. కొక్కేనికి ఏమీ లేదు. పక్కటెముకల మీద చెమట పాయలు కట్టింది. మమ్మల్ని చూసి తల తిప్పింది, మళ్ళీ గోడకు తిరిగింది. ముందు కాలెత్తి నేల మీద కొట్టింది, మూడుసార్లు. తలుపు దగ్గర పదకొండింటి వల ఉత్తదిగా వేలాడుతోంది.

"రెండు గంటల గడ్డి ఎవరు వేస్తున్నారిప్పుడు?" అంది వదిన.

రెండు గంటల గడ్డి ఏమిటన్నాను.

వదిన కొక్కెం వైపు చూపించింది. అన్న రోజూ చెప్పేవాడట. తమ్ముడు కట్టే వల దీనికి మధ్యాహ్నం దాకా కూడా చాలదు, ఇది తిండిపోతు, పన్నెండున్నరకే ఊడ్చేస్తుంది అని. అందుకని నేను మూడుసార్లు కొట్టగానే, నా దగ్గరకు వచ్చే ముందు, మేటు నుంచి ఒక చంకెడు గడ్డి లాక్కొచ్చి ఆ కొక్కేనికి తగిలించి వచ్చేవాడట. మూడేళ్ళు, ఒక్కరోజు తప్పకుండా.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ కొలత తప్పంటే నొచ్చుకుంటావని. ఎలుకలని తిడుతున్నాడు పాపం, తిట్టుకోనీ అని నవ్వేవాడు."

నేను గడ్డిలో కూలబడ్డాను. నేను కొట్టిన ప్రతిసారీ దానికి గడ్డి వస్తుందని వచ్చి నిలబడింది. నాలుగు నెలలుగా రోజూ పిలిచి, రోజూ ఖాళీ కడుపుతో నిలబెట్టాను. రోజూ ఏదో తినేస్తోందని డాక్టరమ్మ అన్నది నన్నే. గోడకు ఇవతల దెయ్యం లేదు, ఉన్నది అవతలే, కొలత డబ్బా పట్టుకుని.

అప్పుడే మిగిలింది కూడా చెప్పేశాను. నల్ల విరేచనం సంగతి నాకు తెలుసని, చెప్పొద్దంటే చెప్పలేదని, ఆ రోజు ఊపిరి విని కూడా లేచి రాలేదని. వదిన నా ముఖంలోకి చూడలేదు. మహాతల్లి మెడ మీద చెయ్యి వేసి నిలబడింది.

"నాకూ తెలుసు," అంది. "ఆయన బట్టలు ఉతికింది నేనే కదా. పందెం అయ్యాక వెళ్దాంలే అన్నాడు, సరే అన్నాను."

తర్వాత ఇద్దరం మేటు దగ్గరకు వెళ్ళి చెరొక చంకెడు గడ్డి తెచ్చాం. కొక్కేనికి వదినే తగిలించింది. మహాతల్లి ముందు నమ్మనట్టు వాసన చూసింది. తర్వాత నమలడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటూ అక్కడే కూర్చున్నాం, నాలుగున్నర దాకా.

మార్చి 27

డాక్టరమ్మకు, ట్రైనర్ గారికి ఇద్దరి ముందూ చెప్పాను. అన్న వస్తున్నాడనుకున్నది చెప్పలేదు. పీపా మీద కొట్టేవాణ్ణనీ, నా తూకం చాలలేదనీ, పగలు వల నాలుగు గంటలు ఖాళీగా ఉందనీ, ఉంటుందండీ అని అబద్ధం చెప్పాననీ చెప్పాను. ట్రైనర్ గారు ఎర్రబడ్డారు కానీ డాక్టరమ్మ ఆయన్ని ఆపింది. మహాతల్లిని చివరి గదికి మార్చమంది, దాణా గది చప్పుడు వినబడని చోటికి. సన్న కన్నాల వలలు రెండు, ఒకటి అయ్యేలోపు ఇంకొకటి. మేక కూడా వెళుతుంది. పొద్దున పరుగు అయ్యాక గంటసేపు బయట ఇసుకలో వదలాలి.

గొణుగుడికి క్షమించమని చెప్పాను. ఏదో గొణిగాడు. ఈసారి సరిగ్గా విన్నాను. పర్లేదు తమ్ముడూ అన్నాడు. ఈసారి ఆ పిలుపు వద్దనలేదు నేను.

ఏప్రిల్ 1

కొట్టలేదు.

ఏప్రిల్ 2

కొట్టలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భోజనం తినలేదు.

ఏప్రిల్ 5

ఏడో గది ఖాళీగానే ఉంది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కొట్టి చూద్దామని దాణా గదిలో కూర్చున్నాను. ఇప్పుడు అవతల గుర్రం లేదు. ఏదైనా వినబడితే అది అన్నే.

మూడు కొట్టాను. గోడకు వీపు ఆనించాను. అరగంట కూర్చున్నాను. సందులోంచి చల్లగాలి తప్ప ఏమీ రాలేదు.

అన్న ఒక్కసారి కూడా రాలేదు. ఇన్నాళ్ళూ రాలేదు. నవంబరులో పోయినవాడు నాకు ఇవాళ పోయాడు. బస్తా మీద బోర్లా పడుకుని ఏడ్చాను. కొలత డబ్బాను అలమారలో పెట్టి గదికి తాళం వేశాను. ఇకనుంచి మధ్యాహ్నం తాళమే.

ఏప్రిల్ 9

వదిన ఒక్కరి భోజనం కట్టింది. చిన్న డబ్బా, కొత్తది. నాతోపాటు వీధి దాకా నడిచింది. దారిలో నా కడుపు మంటకు మందుల దుకాణం దగ్గర ఆగబోతే, దుకాణం కాదు, ఆసుపత్రికి పద అంది. బయలుదేరేదాకా ఊరుకోలేదు. నాకు కూడా గొట్టం వేస్తారట, వచ్చే వారం. డాక్టరమ్మకు చెబితే, పరగడుపున వెళ్ళండి, మూతికి చిక్కం కట్టాలేమో అని నవ్వింది.

ఏప్రిల్ 12

మూడోసారి గొట్టం. తెర మీద ఆ గీత వెంబడి చూస్తూ పోయాం. రక్తం కారిన చోట లేత గులాబీ రంగు చర్మం. పెద్ద పుండు ఉన్నచోట చిన్న గుంట, అదీ పూడుతోంది. డాక్టరమ్మ గొట్టం అటూ ఇటూ రెండుసార్లు తిప్పి చూసింది, తనకే నమ్మకం కలగనట్టు. మందు ఇంకో రెండు వారాలు వేసి నెమ్మదిగా తగ్గిద్దాం, గడ్డి మాత్రం ఎప్పటికీ తగ్గించొద్దు అంది. దళారీ బండి రాదు. ట్రైనర్ గారు నా భుజం తట్టి వెళ్ళారు. గొణుగుడు మేకకు ముద్దు పెట్టాడు, ఎవరూ చూడలేదనుకుని.

ఏప్రిల్ 16

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, ఇదే ఆఖరు.

మధ్యాహ్నం చివరి గది గుమ్మంలో కూర్చుని రేపటికి వలలు నింపుతున్నాను. లాయం అంతా నిద్రపోతోంది. గొణుగుడు గోడకు ఆనుకుని గురక. మహాతల్లి నా తల పక్కనే గడ్డి నములుతోంది. మేక దాని కాళ్ళ మధ్య పడుకుని ఉంది. దాణా గది అక్కడికి రెండు వందల అడుగుల దూరం. తలుపుకు తాళం, తాళంచెవి నా జేబులో.

రెండయింది. దాణా గదిలో రేకు పీపా మీద మూడుసార్లు మోగింది.

ముందు మహాతల్లి వైపే చూశాను. చెవి కూడా కదపలేదు. నమలడం ఆపలేదు. మేక కళ్ళు తెరవలేదు. గొణుగుడి గురక తెగలేదు. జేబులో తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకున్నాను, ఉంది. అప్పుడు మళ్ళీ మూడు, నేను కొట్టే లెక్కలోనే, నా కంటే కాస్త నెమ్మదిగా.

పదకొండేళ్ళూ పిలిచింది నేను, వచ్చింది అన్న. ఇటు నుంచి పిలుపు వినడం నాకు ఇదే మొదలు. కాళ్ళు లేవబోయాయి. వెళ్తే ఏం కనబడుతుందో, ఏమీ కనబడదో. మహాతల్లి నోటి నుంచి రెండు పరకలు నా భుజం మీద రాలాయి. దాన్ని చూస్తే నాకు ఒకటే తోచింది, ఆ మూడు దెబ్బలకు అన్నకూ నాకూ మధ్య ఎప్పుడూ ఉన్నది ఒకటే అర్థం. తిందాం రా అని.

లేవలేదు. చేతులు తుడుచుకుని వదిన కట్టిన డబ్బా మూత తీశాను. ఒక్కరి భోజనమే. గుర్రం పక్కన కూర్చుని మెతుకు మిగల్చకుండా తిన్నాను. మూడోసారి మోగలేదు.